యాడ చూసినా అదే గుండు

"అంటే, దేవుణ్ని తీసేసి ఆ జాగాలో నా మొగం పెట్టుకోమంటావా?"

తలకు టోపీ బిగించుకుని వచ్చిన ఆ మనిషి అడిగిన తీరుకు కావేరి కంప్యూటర్ మీద నుంచి చూపు తిప్పింది.

"దేవుణ్ని తీసేయమని నేనెందుకంటానన్నా? ఇంట్లో ఉండనీ, బండి మీద ఉండనీ. ఫోన్లో మాత్రం మీ ఫోటో ఉండాల."

"నా మొగంలో చూసేదేముంది?"

"మోటారు కాలిపోయినోళ్లు ఫోన్ చేసేది మీకు కదా. ఈరన్నస్వామి వచ్చి వైండింగ్ చేస్తాడా?"

అతను జవాబు కోసం గోడకున్న క్యాలెండర్ వైపు చూశాడు. అక్కడా ఈరన్నస్వామే ఉన్నాడు. ఆయనా ఏమీ చెప్పలేదు.

బళ్లారి సత్యనారాయణపేటలో, వాళ్లింటి ముందు గదే కావేరి ఆఫీసు. చిన్న చిన్న వ్యాపారాలను ఆన్‌లైన్‌లో పదిమందికీ కనపడేటట్టు చేయడం ఆమె పని. టైలర్లు, పిండిమిల్లు వాళ్లు, మిరపకాయల వ్యాపారులు, జీన్స్ కుట్టేవాళ్లు వస్తారు. అందరికీ ఆమె మొదట చెప్పే మాట ఒకటే. ఒకే పేరు, ఒకే ఫోటో. మ్యాపులో, ఫేస్‌బుక్‌లో, యూట్యూబ్‌లో, వాట్సాప్‌లో, యాడ చూసినా అదే ఉండాల. పండక్కొక ఫోటో, పెళ్లికొక ఫోటో మారిస్తే జనానికి గుర్తుండదు.

వచ్చినతనిది కురుగోడు. మోటార్ వైండింగ్ షాపు. పనిమంతుడే, పేరుతోనే వచ్చింది చిక్కు. పేరు హొన్నూరుస్వామి.

ఆ ప్రాంతంలో పిల్లలు లేనివాళ్లు హొన్నూరు స్వామికి మొక్కుకుంటారు, పుడితే స్వామి పేరే పెడతారు. స్వామి దయ ఎక్కువ. అందుకని కురుగోడు బస్టాండులో నిలబడి ఆ పేరుతో కేకేస్తే బస్సులో ఉన్నవాళ్లు కూడా కిటికీలోంచి తలలు బయట పెడతారు. కావేరి నాయన పేరే హొన్నూరప్ప. అందరూ ఈరన్నకు కూడా భక్తులే కాబట్టి ఫోన్లో అందరి ఫోటో కూడా ఈరన్నస్వామిదే. మొన్న ఒక రైతు మోటారు కోసమని ఫోన్ చేస్తే గోడలు కట్టే హొన్నూరుస్వామి తాపీ పట్టుకుని చేనికి పోయినాడట. అతను నీళ్లు తాగి తిరిగొచ్చినాడు గానీ, మోటారు కేసు ఇంకో ఊరి మెకానిక్ చేతికి పోయింది.

దేవుడి దగ్గర ఈ ఇబ్బంది ఉండదు కాబోలు. ఒక పేరున్న వందమంది ఒక్కసారే దండం పెట్టినా, ఎవరి గోడు ఎవరిదో ఆయనకు తెలుస్తుంది. లేకుంటే ఆయనకూ ఏదో ఒక గుర్తు కావాలనేనా, మనం తలనీలాలు ఇచ్చి వచ్చేది? ఆ సంగతి ఆయనకే తెలియాలి.

"సరే, ఫోటో తీస్తా. టోపీ తీయండి" అంది కావేరి.

"టోపీతోనే తీయకూడదా?"

"మొగం మీద నీడ పడతాంది."

అతను టోపీ తీశాడు. కింద నున్నటి గుండు. కిటికీలోంచి వచ్చే ఎండ దాని మీద పడి గది ఇంకొంచెం వెలుగైంది.

కావేరి నవ్వు ఆపుకోవడానికి దగ్గింది.

"నవ్వండి మేడమ్, పర్వాలేదు. మా అమ్మ కంటి ఆపరేషన్ బాగా అయితే తలనీలాలిస్తానని మొక్కుకున్నా. బాగా అయింది. ఉరుకుంద ఈరన్న గుడికి పోయి నిన్ననే ఇచ్చొచ్చినా."

"మంచిదేనన్నా. జుట్టొచ్చినాక తీసుకుందామా?"

"అదంతా కుదరదు. కాలువ నీళ్లు ఆగిపోతాండాయి. ఇంగ మిరప చేలకు బోర్లే దిక్కు. మోటార్లు కాలిపోయేది ఇప్పుడే, జుట్టొచ్చినాక కాదు."

అలా, ఆ గుండు ఫోటోనే అన్నిచోట్లా ఎక్కింది.

"ఒకసారి పెట్టినాక మార్చకూడదు, తెలిసిందా?" అంది కావేరి.

"మాటంటే మాటే" అన్నాడు హొన్నూరుస్వామి, టోపీ మళ్లీ పెట్టుకుంటూ.

*

మొదటి ఫోన్ రెండో రోజే వచ్చిందట. మోటారు సంగతి కాదు.

"ఎవురు పోయినారప్పా?" అని అడిగాడట ఒక పెద్దాయన.

"ఎవురూ పోలేదప్పా, మొక్కు."

"అట్లనా. నాయన బాగుండాడు కదా?"

"నాయన ఎప్పుడో పోయినాడు."

"అయ్యో, అదే అడుగుతాండా. పాపం."

ఆ ముక్క చెప్పడానికి అతను కావేరికి ఫోన్ చేశాడు. కావేరి ఈసారి దగ్గలేదు, గట్టిగానే నవ్వింది.

"అడిగితే అడగనీ అన్నా. గుర్తుపెట్టుకున్నారు కదా."

గుర్తుపెట్టుకోవడమే కాదు, పేరు కూడా మార్చేశారు. నెల తిరిగేసరికి చుట్టుపక్కల ఊళ్లలో అతను గుండు స్వామి. కన్నడం వాళ్లకూ అదే పేరు. సరిహద్దు దాటి ఆదోని పక్క నుంచి కూడా "గుండు స్వామేనా మాట్లాడేది?" అని ఫోన్లు వచ్చాయి. గోడలు కట్టే హొన్నూరుస్వామి ప్రశాంతంగా గోడలు కట్టుకుంటున్నాడు.

కావేరి కొత్తగా వచ్చినవాళ్లందరికీ ఆ పేజీనే తెరిచి చూపించేది. "చూడండి, ఒక్క ఫోటో. అంతే."

పనంతా ఫోన్ మీదే నడిచేది. అతను వీడియో పంపితే ఆమె సరిచేసి పెట్టేది.

"వీడియోలో మీ చేతులే కనపడతాండాయి. మీరు కనపడరేం?"

"చేతులే కదా పని చేసేది."

"మాటలన్నా కొంచెం మెల్లగా చెప్పండి. కన్నడం, తెలుగు కలిపి కొట్టేస్తాండారు."

"మోటారుకు రెండు భాషలూ వస్తాయి మేడమ్."

పని సంగతి అయిపోయినాక కూడా ఫోన్ పెట్టడానికి ఇద్దరికీ తొందర ఉండేది కాదు. ఆమె తిన్నదా అని అతను అడిగేవాడు. వాళ్లమ్మ కన్ను ఎట్లుందని ఆమె అడిగేది. "అన్నా" అనే మాట ఈ మాటల మధ్యలో ఎక్కడో జారిపోయింది. ఎప్పుడు జారిందో కావేరి చూసుకోలేదు.

అతను చూసుకున్నాడు.

*

ఒక సాయంత్రం కంటోన్మెంట్‌లో పని చూసుకుని వస్తుంటే వాన పట్టుకుంది. బళ్లారి వాన మామూలుగా రాదు. వస్తే మాత్రం, ఇన్నాళ్లూ రానందుకు కూడా కలిపి కురుస్తుంది. వేపచెట్ల వరుస కిందికి రాగానే కావేరి స్కూటీ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

చున్నీ తల మీదికి లాక్కుని కిక్ కొడుతుంటే పక్కన ఒక బైకు ఆగింది. దాని మీదున్నతను హెల్మెట్ తీశాడు. వత్తుగా, రింగులు రింగులుగా ఉన్న జుట్టు.

"ఆగిపోయిందా మేడమ్?"

ఒంటరిగా ఆడపిల్ల బండి ఆగితే ఇట్లాంటి సాయాలు చాలా వస్తాయి. వాన హోరులో గొంతు పోల్చుకోలేక, కావేరి అతని వైపు సరిగా చూడకుండానే ముక్తసరిగా చెప్పింది.

"మెకానిక్‌కు ఫోన్ చేస్తాండా."

"చేయండి చేయండి. మంచోడేనా?"

"మీకెందుకు?"

"ఊరికే అడిగినా. ఈ వానలో వస్తాడా అని."

"వస్తాడు. నేను పిలిస్తే వస్తాడు."

ఆ మాట కొంచెం గట్టిగానే వచ్చింది. అతను తల వంచుకున్నాడు. నవ్వు దాచుకోవడానికని ఆమెకు అప్పుడు తెలియలేదు.

"అంతేలే. కురుగోడు నుంచి వచ్చేసరికి మీరు తడిసి ముద్దవుతారని నా బాధ."

"కురుగోడని మీకెవరు చెప్పినా..."

అప్పటికే ఆమె వేలు నొక్కేసింది. ఫోన్ మోగింది. మోగింది అతని చొక్కా జేబులో.

అతను తీరిగ్గా జేబులోంచి ఫోన్ తీసి, ఆమె ముందే నిలబడి చెవికి పెట్టుకున్నాడు.

"చెప్పండి మేడమ్, గుండు స్వామిని మాట్లాడతాండా."

కావేరి ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని అతన్ని తేరిపార చూసింది. రోజూ చూసే మొగం. నెలల తరబడి, తెరిచిన ప్రతి పేజీలో చూసిన మొగం. ఆ కళ్లే, ఆ ముక్కే. పైన జుట్టు వచ్చేసరికి పరాయివాడైపోయాడు.

"మీకు... మీకు జుట్టుంది!" అంది, ఏదో నేరం పట్టుకున్నట్టు.

"మొలిచిందండీ. మీరు మార్చొద్దన్నది ఫోటోను. జుట్టును మొలవద్దని చెప్పలేదే."

కావేరికి నవ్వొచ్చింది, సిగ్గేసింది. ఏది ముందో వానలో తెలియలేదు.

అతను స్కూటీ పక్కన కూర్చుని ప్లగ్గు విప్పాడు. చొక్కా కొసతో తుడిచాడు. తుడిచిందే తుడుస్తూ, ఆమె వైపు చూడకుండా అడిగాడు.

"ఒకమాట. మొదట్లో నన్ను అన్నా అంటాంటిరి. ఇప్పుడు అనడం లేదు. మర్చిపోయినారా, మానేసినారా?"

ఒక ఆటో నీళ్లు చిమ్ముకుంటూ పోయింది.

"స్కూటీ బాగయిందా?" అంది కావేరి.

"అయింది."

కావేరి బండెక్కి స్టార్ట్ చేసింది. కొంచెం ముందుకు పోయి, వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"మానేసినా."

*

అమ్మ లేని కావేరిని పెంచింది నాయనమ్మ మారమ్మ. నాయన హొన్నూరప్ప బస్సు డ్రైవరు. బస్సులో ఉన్నప్పుడు అతను చెప్పిందే మాట, ఇంట్లో ఉన్నప్పుడు వాళ్లమ్మ చెప్పిందే మాట.

కురుగోడు నుంచి హొన్నూరుస్వామి తల్లి ఉరుకుందమ్మ ఫోన్ చేసి, మీ పిల్లను అడగడానికి వస్తామని మర్యాదగా చెప్పింది. ఇంటిపేర్లు, వరసలు కుదిరాయి. మారమ్మ కూడా మర్యాదగానే "చూస్తాం" అంది.

పూర్వమైతే మారమ్మ ఆ ఊళ్లో తెలిసినవాళ్లను కనుక్కునేది. ఇప్పుడు ఆమె చేతిలో కూడా ఫోను ఉంది. నోటితో అడిగితే చూపిస్తుందని మనవరాలే నేర్పింది. నడవలో కూర్చుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, దూరంగా ఉన్న మనిషిని పిలిచినట్టు పిలిచింది.

"హొన్నూరుస్వామీ! కురుగోడూ! మోటారూ!"

కావేరి పని ఎంత బాగా చేసిందంటే, వేరే ఏ హొన్నూరుస్వామీ రాలేదు. అతనే వచ్చాడు. వరసగా వచ్చాడు.

మారమ్మ చూసింది. కిందికి జరిపింది. మళ్లీ చూసింది.

"కావేరీ! ఇట్ల రా. ఏందే ఇది, ఈ ఇంట్లో ఎవురో పోయినారు!"

"ఎవురూ పోలేదవ్వా. అది మొక్కు గుండు. వాళ్లమ్మ కంటికని ఇచ్చినాడు."

"నీకేం తెలుసు ఊరుకో. మొక్కు గుండయితే యాడో ఒక ఫోటో ఉంటాది. ఇదేంది? దీంట్లో గుండు, దీంట్లో గుండు, ఇదో ఈ సినిమాల దాంట్లో కూడా గుండు. యాడ చూసినా గుండే! లోకమంతా చెప్పుకున్నాడంటే, ఎంత దగ్గరోళ్లు పోయినారో పాపం."

"అవ్వా, అట్ల ఒకటే ఫోటో పెట్టమని చెప్పింది నేనే."

"నువ్వా! ఎందుకు?"

"గుర్తుండాలని."

"సూతకాన్ని గుర్తుపెట్టుకుంటారా ఎవరన్నా? ఏడాది తిరగని ఇంటి నుంచి పెండ్లి మాటలేంది? అశుభం. ఒకవేళ నువ్వు చెప్పినట్ల మొక్కే అనుకో, ఇన్ని నెలలకూ జుట్టు రాలేదంటే పిల్లోడికి ఏదో జబ్బు. ఎట్ల చూసినా వద్దు. ఇంట్లో ఒక హొన్నూరప్ప ఉండాడు, అది చాలు."

హొన్నూరప్ప అన్నం ముందు నుంచి తల ఎత్తాడు. "నేనేం చేసినానమ్మా?" అన్నాడు. మళ్లీ వంచుకున్నాడు.

కావేరి తన గదిలోకి పోయి కూర్చుంది. నాలుగు ఊళ్లకు ఆ మొగాన్ని గుర్తుండేటట్టు చేసింది తనే. సొంత ఇంట్లో ఆ గుర్తే అడ్డం పడింది.

*

"నువ్వు మార్చమంటే మార్చేస్తా" అన్నాడు హొన్నూరుస్వామి ఫోన్లో. వాన సాయంత్రం తర్వాత 'మేడమ్', 'మీరు' పోయి 'నువ్వు' మిగిలింది.

"మార్చకూడదని నేనే చెప్పినా కదా."

"చెప్పినావు. ఇప్పుడేం చేయాలో కూడా నువ్వే చెప్పు."

కావేరి ఆలోచించింది. మనసు చెప్పేది ఒకటి, నేర్చుకున్న పని చెప్పేది ఒకటి. చివరికి మనసే గెలిచింది. "మార్చేయ్" అంది. రింగుల జుట్టు, ఇస్త్రీ చొక్కా, మంచి వెలుతురు. అన్నిచోట్లా తనే మార్చింది. కొత్త ఫోటో చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

మారమ్మకు తప్ప.

"వీడెవుడు?"

"అతనే అవ్వా."

"అతనంటే?"

"హొన్నూరుస్వామి."

"మొన్న చూసిన హొన్నూరుస్వామి వేరే. వాడికి గుండు. ఈడి ముక్కు కూడా వేరే ఉండాది. ఏమే, నా కండ్లకు ఆపరేషన్ కాలేదనుకుంటివా? ఒకణ్ని వద్దంటే ఇంకొకణ్ని చూపిస్తాండారు. రాత్రికి రాత్రి మొగం మార్చేటోడు రేపు మాట మార్చడా?"

మొగం మార్చకూడదనేది కావేరి తన దగ్గరికి వచ్చేవాళ్లకు రోజూ చెప్పే మాటే.

అటు కురుగోడులో కూడా పని చెడింది. ఫోన్లు తగ్గాయి. ఆదోని పక్క రైతు ఒకాయన, మోటారు ట్రాలీలో వేసుకుని, ఫోన్లో దాచుకున్న పాత గుండు ఫోటో చూసుకుంటూ షాపు దాకా వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"గుండు స్వామి లేడా?"

"నేనేనప్పా."

"నువ్వు కాదులే. గుండు స్వామి షాపు అమ్మేసినాడా?"

"నేనేనప్పా, జుట్టొచ్చింది."

ఆయన జుట్టును చూశాడు, ఫోన్‌ను చూశాడు, "పేరొకటే పెట్టుకుని మోసం చేసేటోళ్లు ఎక్కువైనారు" అని ట్రాలీ వెనక్కి తిప్పాడు.

ఈ సంగతి నవ్వుతూనే చెప్పాడు హొన్నూరుస్వామి. కావేరికి నవ్వు రాలేదు. నీళ్లు లేక వాడుతున్న మిరప చెట్టూ, అంత దూరం వచ్చి మోటారు బాగుకాకుండానే తిరిగిపోయిన మనిషీ ఆమె కళ్ల ముందు నిలబడ్డారు. తన పెళ్లి కోసం ఇంకొకరి చేను ఎండాలా?

కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కొక్క చోటా మళ్లీ పాత గుండునే పెట్టింది. తర్వాత ఫోన్ చేసింది.

"పాతదే పెట్టేసినా. ఇంగ మార్చను. అవ్వకు నేను చెప్పుకుంటా."

"ఆమె ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకునేదాకా చెప్తాంటా. నిన్ను మాత్రం ఇంకొకడి మాదిరి చూపించి పెండ్లి చేసుకోను."

అవతల బైకు తాళాలు గలగలమన్నాయి.

"సరే" అన్నాడు చివరికి. "ఫోటో మారదు. మారేది మనిషే."

"అంటే?"

ఫోన్ పెట్టేశాడు.

*

ఆదివారం పొద్దున మారమ్మ ముగ్గేసి లేచేసరికి గేటు దగ్గర ఇద్దరు. ఒకరు ఉరుకుందమ్మ, చేతిలో కొబ్బరికాయ, ప్రసాదం పొట్లం. పక్కన ఆమె కొడుకు. నున్నటి గుండు, నుదుట విభూది.

మారమ్మ ముగ్గు చిప్ప పట్టుకునే నిలబడిపోయింది. లోపల నుంచి వచ్చిన కావేరి గడప మీదే ఆగిపోయింది. చూసి ముచ్చటపడిన రింగుల జుట్టు ఒక్కటీ లేదు. ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వూ వచ్చింది.

"మళ్లా ఎవురు పోయినారు?" అంది మారమ్మ.

"ఎవురూ పోలేదవ్వా. మొక్కు" అన్నాడు హొన్నూరుస్వామి.

ఉరుకుందమ్మ ముందుకొచ్చింది. "మొదటి గుండు నా కండ్లకమ్మా. ఇదో, చూసుకో." కళ్లు పెద్దవి చేసి చూపించింది. "మీ వాకిట్లో ముగ్గు చుక్కలు ఈడ నుంచే లెక్కపెడతా. అయిదో వరసలో ఒకటి తక్కువుండాది."

మారమ్మ కిందికి చూసింది. నిజంగానే ఒకటి తక్కువుంది. ఆమెకు కొంచెం కోపమొచ్చింది గానీ, కళ్ల సంగతి మాత్రం నమ్మింది.

"మరి ఇది దేనికి?" గుండు వైపు వేలు చూపించింది.

"కావేరిని మా ఇంటికిస్తే తలనీలాలిస్తానని" అన్నాడు.

"నేనెప్పుడిస్తానంటి?"

"అనలేదవ్వా. నేనే ముందు ఇచ్చేసినా."

"పని కాకముందే మొక్కు తీర్చేటోడు యాడన్నా ఉంటాడా?"

"ఈరన్న చేస్తాడని నమ్మకం. ఇంగ మీ ఇష్టం, ఆయన ఇష్టం."

ఇది మొక్కా, లేక దేవుణ్ని ఇరకాటంలో పెట్టడమా? మారమ్మకు తెలియలేదు. ఆమె ఎన్నో మొక్కులు మొక్కిన మనిషి. ఆమె ఎరిగినంతలో స్వామి ఎవరి జుట్టూ ఊరికే తీసుకోలేదు. ఇప్పుడు తను కాదంటే, తీసుకున్న జుట్టుకు ఆయన ఏం జవాబు చెప్పుకోవాలి?

ఆమె కొంగున చేయి తుడుచుకుంది. ఫోను తెప్పించుకుంది. దాన్ని హొన్నూరుస్వామి చెంప పక్కన పెట్టి, తల ఇటు వంచి, అటు వంచి, చాలాసేపు చూసింది. అతను కదలకుండా నిలబడ్డాడు.

"ముక్కు అదే" అంది కొసకు. "మొగం అదే. యాడ చూసినా ఇదే ఉండాది." ఫోను మనవరాలి చేతిలో పెట్టింది. "అబ్బాయికి నీళ్లియ్యి పో. ఎండలో తల మాడతాంది."

కావేరి లోపలికి పరుగెత్తింది. చెంబు నిండా నీళ్లు తెచ్చి ఇస్తూ, అతనికి మాత్రమే వినపడేటట్టు అంది.

"అంత మంచి జుట్టు."

"మళ్లా మొలుస్తాది. అప్పుడు గుర్తుపడతావా?"

"గొంతు విని పడతా."

అప్పుడే పక్కింటామె పాల గిన్నెతో అటుగా వస్తూ, అరుగు మీద గుండుతో కూర్చున్న కొత్త మనిషిని చూసి ఆగింది. గొంతు తగ్గించి, మొగం బాధగా పెట్టింది.

"ఏం మారమ్మవ్వా, ఎవురు పోయినారు?"

మారమ్మ కొబ్బరికాయ చేతికి తీసుకుంటూ, వీధంతా వినపడేటట్టు చెప్పింది.

"ఎవురూ పోలేదమ్మా. మా ఇంటికి ఒకడు వచ్చినాడు."